మా కోకో గింజలకు ఎన్‌ఐఆర్ పరీక్ష చేయించాను: నా అనుభవం

2025 ఫిబ్రవరి రెండో వారంలో మా కోకో గింజలకు కిలో మీద డెబ్బై రూపాయలు కోత పెట్టారు. ఎందుకని అడిగితే వ్యాపారి బస్తా నోట్లోంచి గుప్పెడు గింజలు తీసి, నాలుగైదింటిని చాకుతో నిలువుగా చీల్చాడు. లోపలి ఊదా రంగు చూపించి, "సగమే పులిసింది అమ్మా, కంపెనీ తీసుకోదు" అన్నాడు. చీల్చిన గింజల్ని అక్కడే మట్టిలో పారేసి చెయ్యి దులుపుకున్నాడు. మూడు క్వింటాళ్ల సరుకు. కోత అక్షరాలా ఇరవై ఒక్క వేలు. 2024 వేసవిలో కిలో వెయ్యి రూపాయల దాకా చూశాం. 2025లో ధర వారం వారం దిగుతూ వచ్చింది, దాని మీద మళ్లీ ఈ కోత.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి పడిపోగా మిగిలిన కొబ్బరి చెట్ల కింద కోకో వేసుకున్నాం. కాయలు కోయించేది మా ఆయన. పగలగొట్టించడం, పులియబెట్టడం, ఎండబెట్టడం నేనూ మా అత్తా చూసుకుంటాం. గోదావరి జిల్లాల్లో అయితే ఇతను కాకపోతే ఇంకొకడు కొంటాడు. మా దగ్గర కోకో పండించేవాళ్లే తక్కువ, కొనడానికి వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే నోరు మూసుకుని ఒప్పుకుంటాం. ఆరు రోజులు చెక్కపెట్టెలో అరటాకులు కప్పి, మధ్యలో తిరగేసి, చేతులు కాలేంత వేడి వచ్చిన గింజల్ని సగమే పులిశాయంటే మాత్రం ఈసారి నాకు మనసు ఒప్పుకోలేదు.

మా పిన్ని కొడుకు స్నేహితురాలొకామె విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. పంటల నాణ్యతను నియర్ ఇన్‌ఫ్రారెడ్ (ఎన్‌ఐఆర్) కాంతితో చూసే పని. "గింజ మీద లైటు వేసి చూస్తే చాలు ఆంటీ. మందులూ మాకులూ అక్కర్లేదు, గింజ పాడవదు, నిమిషంలో చెప్పేస్తుంది" అంది ఫోన్లో. నిమిషం అన్నమాట అబద్ధం కాదు. ఆ నిమిషానికి ముందూ వెనకా కలిపి నెల రోజులు పట్టింది, అంతే.

ఎన్ని గింజలు తేవాలి, ఎలా తేవాలి అన్నది ఆ అమ్మాయి ముందే చెప్పింది. ప్రతి బస్తాలో పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి తీయాలి. అన్నీ ఒకచోట పోసి కలిపి, కుప్పను నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. మిగిలినదాన్ని మళ్లీ కలపాలి, మళ్లీ నాలుగు చేయాలి. కిలో మిగిలేదాకా ఇదే పని. నేను అలా చేస్తుంటే మా అత్త పక్కన కూర్చుని పుచ్చువీ, ముక్కలైనవీ, పలచగా ఉన్నవీ ఏరి అవతల పడేస్తోంది. వద్దన్నాను. "పరీచ్చకి పంపినప్పుడు మంచియి పంపాల గానీ, ఇయ్యేటే?" అంది. ఏరిన గింజలకు వచ్చిన మార్కులు బస్తాకు పనికిరావని చెప్తే నమ్మలేదు. ఆవిడ స్నానానికి లేచాక ఏరినవన్నీ మళ్లీ కుప్పలో కలిపేశాను.

మా దగ్గర రెండు లాట్లు ఉన్నాయి. ఒకటి చెక్కపెట్టెలో పులిసిన పెద్ద లాటు, రెండున్నర క్వింటాళ్లు. రెండోది కాయల కోత చివర్లో వచ్చిన కొద్దిపాటి గింజలు. పెట్టెకు చాలవని వాటిని బుట్టలో పులియబెట్టాం. యాభై కిలోలు తేలాయి. వ్యాపారి దృష్టిలో రెండూ ఒకటే, నేను మాత్రం వేరువేరు శాంపిళ్లు కట్టాను. మందపాటి ప్లాస్టిక్ కవర్లో పోసి, గాలి నొక్కేసి, పైన ఇంకో కవరు వేసి కట్టమంది. గోనె సంచిలో తెస్తే సముద్రపు గాలికి దారిలోనే తేమ పీల్చుకుంటాయట.

ఫిబ్రవరి 24, సోమవారం. సోంపేట స్టేషన్లో రైలెక్కి విజయనగరంలో దిగేసరికి పదకొండు దాటింది. ల్యాబ్‌లో ఏదో పెద్ద యంత్రం ఉంటుందనుకున్నాను. బల్ల మీద చిన్న పెట్టె, పక్కన కంప్యూటర్, అంతే. దీపం వేడెక్కి నిలకడకు రావాలంటే అరగంట ఆగాలంది. ఆగాం. తెల్లటి పలక ఒకటి పెట్టి, దీన్ని బట్టి తతిమ్మావి కొలుస్తుంది అని చెబుతుండగానే కరెంటు పోయింది. కంప్యూటర్‌కి యూపీఎస్ ఉంది గానీ దీపానికి లేదు. కరెంటు వచ్చాక మళ్లీ అరగంట.

ఆ ఖాళీలో తను చెప్పింది నాకు అర్థమైనంత ఇదీ. ఎరుపు దాటాక మన కంటికి కనిపించని కాంతి, 780 నుంచి 2500 నానోమీటర్ల మధ్యది. టీవీ రిమోట్ కొసన ఉన్న బల్బులోంచి వచ్చేదీ ఈ జాతి కాంతే. గింజలోని నీరు 1450, 1940 నానోమీటర్ల దగ్గర దీన్ని బాగా పీల్చుకుంటుంది. కొవ్వు పీల్చుకునే చోట్లు వేరు. ఎక్కడ ఎంత పీల్చిందో చూసి లోపల ఏముందో లెక్క కడతారు. అయితే ఆ లెక్క యంత్రానికి పుట్టుకతో రాదు. ముందు కొన్ని వందల శాంపిళ్లను పాత పద్ధతిలో, అంటే ఓవెన్లో ఆరబెట్టి, రసాయనాలు పోసి కొలిచి, ఫలానా గీతకు ఫలానా అంకె అని నేర్పాలి. ఈ చివరి మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత కథంతా దాని చుట్టూనే తిరిగింది.

మొదట గింజల్ని గింజలుగానే గాజు గిన్నెలో పోసి చూసింది. తేమ సుమారుగా తెలిసింది. పులిసిందా లేదా అన్నది లోపలి పప్పు చెప్పాలి, ఈ కాంతి పై పెంకు దాటి లోపలికి ఎక్కువ దూరం పోదు. కాబట్టి పెంకు తీసి పొడి చేయాలంది. గింజ పాడవదన్న మాట అక్కడితో పోయింది. ఇద్దరం కూర్చుని గోళ్లతో పెంకులు వలిచాం. కోకో పెంకు వేయించితే ఊడి వస్తుంది గానీ పచ్చి గింజకు మొండిగా పట్టుకుని ఉంటుంది. సాయంత్రానికి నా వేళ్ల చివర్లు మండిపోయాయి.

పొడి చేయడం ఇంకో తంటా. పప్పులో సగం పైగా కొవ్వే. మిక్సీ వేడికి అది కరిగి, పొడి కావాల్సింది ముద్దయి కూర్చుంటుంది. అందుకని పప్పుని ఫ్రీజర్లో పెట్టి గట్టిపడ్డాక, మిక్సీని రెండు మూడు సెకన్లు తిప్పి ఆపి, మళ్లీ తిప్పి, జల్లెడ పట్టారు. వంటింట్లో కొబ్బరీ పల్లీలూ పట్టే మనిషిని, ఈ ఒక్కచోట నా చెయ్యి ఆ అమ్మాయి కన్నా బాగా పనిచేసింది.

అప్పుడు చూశాం. పొడిని గిన్నెలో నింపి సమంగా నొక్కి పెట్టగానే నిమిషంలోపే తెర మీద కొండల్లాంటి గీతా, పక్కన అంకెలూ వచ్చాయి. పెట్టె లాటు తేమ 7.6 శాతం. అదే పొడిని తీసి మళ్లీ నింపితే 7.4. ఇంకోసారి 7.8. నాకు కంగారు పుట్టింది. నింపడంలో తేడాకి ఆ మాత్రం ఊగుతుంది, సగటు తీసుకుంటాం అంది. పులిసిన లెక్క ఒకటి వచ్చింది, అది 1 దాటితే బాగా పులిసినట్టు. పెట్టె లాటుకి 1.08. బుట్ట లాటుకి 0.97, అంటే దాదాపు పాసే. నాకు సంతోషం ఆగలేదు. కాగితం మీద ముద్ర వేసి ఇచ్చేస్తే రాత్రి బండికి వెళ్లిపోతానన్నాను.

తను కదల్లేదు. అంకెల పక్కన చిన్న ఎర్ర గుర్తు చూపించింది. ఈ శాంపిల్ నాకు నేర్పిన శాంపిళ్లలా లేదు అని యంత్రం చెబుతోందట. పెట్టె లాటుకి పొడి కాస్త మెత్తగా పట్టి చూపిస్తే ఆ గుర్తు పోయింది. బుట్ట లాటుకి ఎంత చేసినా పోలేదు. అక్కడి యంత్రానికి నేర్పిన గింజలు చాలావరకు గోదావరి జిల్లాల నుంచి తెచ్చినవి, అవీ బాగా పులిసినవే. సరిగా పులవనివి దానికి ఎక్కువగా చూపించలేదు. మరి అంకె ఎలా ఇచ్చిందని అడిగాను. తను నవ్వి, అటెండర్ టిఫిన్ డబ్బా పక్కనున్న చోడి (రాగి) పిండి చెంచాడు తెచ్చి గిన్నెలో వేసింది. యంత్రం చోడి పిండికి కూడా కోకో వెన్న శాతం, పులిసిన లెక్క ఠంచనుగా చెప్పింది. పక్కన ఎర్ర గుర్తు పెట్టింది, అంతే. ఎక్కడైనా ఎన్‌ఐఆర్ రిపోర్టు చేతికిస్తే ఆ గుర్తు సంగతి అడగండి. కాగితం మీద అది అచ్చు వేయకపోవచ్చు.

కాబట్టి పాత పద్ధతిలో కొలవక తప్పదంది. ఎన్‌ఐఆర్‌కి శాంపిల్‌కి ఐదొందలు అనుకుని వచ్చాను, ఈ పరీక్షలకు మరో పద్దెనిమిది వందలు. అదీ స్టూడెంట్ ప్రాజెక్టు కింద తగ్గించి. తేమకు 103 డిగ్రీల ఓవెన్లో పదహారు గంటలు పెట్టాలి. పులిసిన లెక్కకు పొడిని మిథనాల్, ఆమ్లం కలిపిన ద్రావణంలో రాత్రంతా చల్లగా ఉంచి, వచ్చిన రంగు నీళ్లను 460, 530 నానోమీటర్ల దగ్గర కొలిచి ఒకదాన్ని ఇంకోదానితో భాగించాలి. పులవని గింజలో ఊదా రంగు ఎక్కువ, పులిసేకొద్దీ అది పోయి గోధుమ రంగు వస్తుంది. షావుకారు చాకుతో చూసిందీ ఇదే, కాకపోతే నాలుగు గింజల్లో చూశాడు. రెండు మూడు రోజుల్లో అయిపోతుందన్నారు. 26న శివరాత్రి. తర్వాత ఓవెన్ వేరేవాళ్ల పనిలో ఉందన్నారు. ఆ తర్వాత మిథనాల్ అయిపోయిందట, ఇండెంట్ పెట్టారట.

ఆ మార్చి మొదటి పదిహేను రోజులు ఇంట్లో నాకు నరకమే. సరుకు గదిలో ఉంది, ధర బయట దిగుతోంది. వ్యాపారి దారిన పోతూ బండి ఆపి, "ఏటమ్మా, ఇంకా దాచుకున్నారా? వచ్చే వారం ఈ రేటూ ఉండదు" అనేవాడు. మా ఆయన రాత్రి అన్నం దగ్గర ఒకే మాట. "మన గింజలు మనకి తెలీదా? మిషన్‌కి ఏటి తెల్సు?" కోపం వచ్చేది, కానీ ఆయన భయమూ అబద్ధం కాదు. మబ్బు పట్టిన రోజు బస్తాల్లో చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. తేమ 8 దాటితే బూజు మొదలవుతుంది, బూజు వాసన చాక్లెట్ దాకా పోతుంది. ఎండ బాగా కాసిన రోజున మళ్లీ టార్పాలిన్ మీద పోసి ఆరబెట్టి ఎత్తాం. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే మొదట్లో ఆ అమ్మాయి వివరంగా చెప్పేది, తర్వాత తర్వాత "అవుతోంది ఆంటీ" వరకే వచ్చింది. తన టెన్షన్ తనది. గైడ్‌కి ఆ నెల్లోనే ఏదో ఇవ్వాల్సి ఉందని తర్వాత తెలిసింది.

హోలీ వెళ్లాక మళ్లీ రమ్మంది. ఈసారి కోత పరీక్ష. ఒక్కో లాటులోంచి ఎంచకుండా మూడు వందల గింజలు లెక్కపెట్టి, ఒక్కొక్కటీ నిలువుగా చీల్చి, పలక మీద వరసగా పేర్చి వెలుతుర్లో చూడటం. రంగు ఎవరి కంటికి ఎలా కనిపిస్తుందో అని ఇద్దరు విడివిడిగా రాసుకుంటారు. నన్ను మాత్రం రాయనివ్వలేదు. సరుకు నాది కదా, న్యాయమే. నేను కోసి పెట్టాను. చేత్తో పట్టుకుని కోసేటప్పుడు చాకు జారుతుంది, బొటనవేలికి గుడ్డ చుట్టుకోండి.

నాకు బాగా కొత్తగా అనిపించిన సంగతి అక్కడే తెలిసింది. అంతర్జాతీయ ప్రమాణంలో ఊదా గింజ లోపం కింద లెక్క కాదు. లెక్కలోకి వచ్చేవి బూజు గింజలు, పురుగు తిన్నవి, మొలకెత్తినవి, పప్పు లేని చపటా గింజలు, ఇంకా స్లేటీ గింజలు. స్లేటీ అంటే అసలు పులవకుండా పలకలా బూడిదరంగులో, గట్టిగా ఉండేవి. మొదటి గ్రేడ్‌కి స్లేటీవి నూటికి మూడు దాటకూడదు, రెండో గ్రేడ్‌కి ఎనిమిది. మంచి లాటులో కూడా కొన్ని ఊదావి ఉంటాయి. కొనేవాళ్లు ఊదావి మరీ ఎక్కువైతే అడగడంలో తప్పు లేదు. నాలుగైదు గింజలు చీల్చి మూడు క్వింటాళ్లకు తీర్పు చెప్పడంలో ఉంది తప్పు.

రిపోర్టు మార్చి 21న చేతికొచ్చింది. పెట్టె లాటు: ఓవెన్ తేమ 7.2, పులిసిన లెక్క 1.12, మూడు వందల్లో స్లేటీ నాలుగు, బూజు మూడు. ఎన్‌ఐఆర్ చెప్పినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. బుట్ట లాటు: పులిసిన లెక్క 0.74, స్లేటీ ముప్ఫై ఒకటి. రెండో గ్రేడ్ కూడా రాదు. యంత్రం 0.97 అంది కదా, ఆ రోజు నేను అడిగినట్టు ముద్ర వేసి ఇచ్చేస్తే ఈ గింజలు కూడా మంచివైపోయేవి. కొద్ది గింజలు పోస్తే కుప్పకి వేడి నిలవదు, 45 డిగ్రీలు దాటకపోతే లోపలి మార్పు సరిగా జరగదు. అత్తకి చెప్తే "బుట్టలో ఏడెక్కనేదని నాను అప్పుడే అన్లేదా" అంది. అన్న మాట నిజమే.

అంటే వ్యాపారి బస్తా నోట్లోంచి తీసినవి బుట్ట గింజలై ఉంటాయి, లేదా పెట్టె లాటులోని కొద్దిపాటి ఊదావి చేతికి తగిలి ఉంటాయి. యాభై కిలోల విషయంలో అతని మాట సరైనదే, రెండున్నర క్వింటాళ్ల విషయంలో కాదు. రిపోర్టు చూపిస్తే తిరగేసి కూడా చూడలేదు. "ఇయ్యన్నీ కాలేజీ కాయితాలమ్మా" అన్నాడు.

గోదావరి వైపు నుంచి లారీతో వచ్చే ఇంకో కొనుగోలుదారుని మా పిన్ని కొడుకే పట్టుకున్నాడు. ఉగాదికి ముందు వచ్చారు. ఆయన కూడా రిపోర్టుని నమ్మి కొనలేదు, ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. తన తేమ మీటరు తనే పెట్టుకున్నాడు, తన చాకుతో నూరు గింజలు కోశాడు, రెండు గింజల్ని అరచేతుల్లో నలిపి వాసన చూశాడు. పొగ వాసన ఉందా అని. కట్టెల పొయ్యి మీద ఆరబెట్టిన సరుకు అలా పట్టుకుంటారట. మా ల్యాబ్ కాగితంలో వాసన గురించి ఒక్క ముక్క లేదు. కాగితం వల్ల ఒరిగిందల్లా లాట్లు విడిగా పెట్టి, విడిగా కోయమని గట్టిగా అడగగలిగాను. ఆయన అంకెలూ మా అంకెలూ దగ్గరగానే వచ్చాయి. పెట్టె లాటుకి కంపెనీ రేటు మీద పది రూపాయలే తగ్గించాడు, అది లారీ ఖర్చు అన్నాడు. బుట్ట లాటు వద్దన్నాడు. దాన్ని మన షావుకారుకే, అతను చెప్పిన రేటుకే ఇచ్చేశాం. బేరం ఆడలేదు.

లెక్క చూసుకుంటే పెట్టె లాటు మీద పదిహేను వేలు దక్కాయి. పరీక్షలు, రైలు, ఆటోలు, బయట తిండి కలిపి మూడున్నర వేలు దాటాయి. యాభై కిలోల సరుకున్నవాళ్లు సొంత ఖర్చుతో ఈ పని పెట్టుకోవద్దు, గిట్టదు. నలుగురు రైతులు కలిస్తే వేరే సంగతి.

ఆ అమ్మాయి ఇప్పుడు మా గింజలు అడుగుతోంది. పులియబెట్టిన మొదటి రోజు నుంచి ఏడో రోజు దాకా రోజుకి కొన్ని తీసి, విడివిడిగా ఆరబెట్టి పంపితే యంత్రానికి మా వైపు సరుకు, సరిగా పులవని సరుకు కూడా నేర్పుతుందట. డబ్బులివ్వరు, మా పరీక్షలకు ఫీజు తీసుకోరు. ఒప్పుకున్నాను. రోజూ అరటాకులు తీసి చెయ్యి పెడితే పెట్టెలో వేడి పోతుందని అత్త పేచీ పెట్టింది. అదీ సబబే. అందుకే పెట్టె పక్క చెక్కకు చెయ్యి పట్టేంత తలుపు ఒకటి కొట్టించాం. వడ్రంగి రెండొందల యాభై తీసుకున్నాడు.